టెలికాం వ్యాపారానికి రాజకీయ, భద్రతా ముప్పులు: ముందస్తు అంచనాపై తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పును ముందే అంచనా వేయడం అంటే జోస్యం చెప్పడమేనా?

కాదు. "గడ్డుకాలం రాబోతోంది" అనేది జోస్యం. ఏది జరిగినా ఆ మాట నిలుస్తుంది. అంచనా మాత్రం తప్పు పట్టడానికి వీలుగా ఉండాలి. "వచ్చే మార్చి 31 లోపు ఈ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్‌ను కనీసం 24 గంటల పాటు ఆపేందుకు 30 శాతం అవకాశం ఉంది" అని రాస్తే అందులో చోటు ఉంది, గడువు ఉంది, కొలత ఉంది, అంకె ఉంది. ఏప్రిల్ 1న ఆ కాగితం తీసి చూసుకోవచ్చు. "రాజకీయ పరిస్థితి సున్నితంగా ఉంది, నిశితంగా గమనించాలి" అన్న వాక్యం నేను ఎన్నో నివేదికల్లో చదివాను. దాన్ని పట్టుకుని ఒక టవర్‌కు అదనపు బ్యాటరీలు పంపాలో వద్దో తేల్చుకోలేం.

ఇంకో షరతు కూడా ఉంది. ప్రతి అంచనా వెనుక ఒక నిర్ణయం ఉండాలి. ఆ 30 శాతం 60 అయితే మీరు ఏం మారుస్తారో ముందే రాసుకోండి. ఏమీ మారదంటే ఆ అంచనా వేయనక్కరలేదు.

ఏ వ్యాపారానికైనా రాజకీయ ముప్పు ఉంటుంది కదా, టెలికాంకు ప్రత్యేకత ఏమిటి?

బట్టల మిల్లు యంత్రాలను విప్పి ఇంకో దేశానికి తరలించవచ్చు. నేలలో పాతిన ఫైబర్‌ను, కొండ మీద నిలబెట్టిన టవర్‌ను తరలించలేరు. వ్యాపారం మొత్తం ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు మీద, స్పెక్ట్రమ్ (సిగ్నళ్లను మోసే రేడియో తరంగాలు) మీద నిలుస్తుంది. అంటే మీకు అనుమతి ఇచ్చేదీ, నిబంధన పెట్టేదీ, జరిమానా వేసేదీ, చాలాచోట్ల పోటీ కంపెనీని నడిపేదీ ఒకే ప్రభుత్వం.

వీటన్నిటి కంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. ఘర్షణ జరిగే చోట టెలికాం కంపెనీ ఇరుపక్షాలకూ లక్ష్యమవుతుంది. ప్రభుత్వం నెట్‌వర్క్ ఆపమంటుంది, సంభాషణలు వినిపించమంటుంది. సాయుధ దళాలేమో ఆ టవర్ వల్లే తమ జాడ తెలిసిపోతోందని దాన్ని పేల్చేస్తాయి. 2008లో అఫ్గానిస్థాన్‌లో తాలిబన్లు రాత్రి పూట మొబైల్ సిగ్నళ్లు ఆపాలని కంపెనీలకు గడువు పెట్టారు. కంపెనీలు ఒప్పుకోకపోయేసరికి టవర్లను ధ్వంసం చేశారు. మయన్మార్‌లో 2021 సెప్టెంబరులో సైన్యంతో సంబంధమున్న మైటెల్ సంస్థ టవర్లను ప్రతిఘటన దళాలు వరుసగా కూల్చాయి. టవర్ ఎవరిదైనా దాని కింద పనిచేసే టెక్నీషియన్ మాత్రం ఏ పక్షానికీ చెందనివాడు. ఈ అంచనాలన్నీ మొదట అతని కోసం వేయాలని నా అభిప్రాయం. బ్యాలెన్స్ షీట్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మయన్మార్‌లో టెలినార్‌కు జరిగినదాన్ని ముందే పసిగట్టే వీలుందా?

ఈ రంగంలో అందరూ అడిగే ప్రశ్న ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నార్వేకు చెందిన టెలినార్‌కు 2013లో మయన్మార్ లైసెన్సు దక్కింది, 2014లో సేవలు మొదలయ్యాయి. అంతకుముందు ఆ దేశంలో సిమ్ కార్డు సంపన్నుల వస్తువు. కొత్త కంపెనీలు వచ్చాక 1,500 క్యాట్‌లకే దొరికింది. 2021 నాటికి టెలినార్‌కు అక్కడ సుమారు 1.8 కోట్ల మంది వినియోగదారులు ఉన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 4న ఫేస్‌బుక్ నిలిపివేత, 6న దేశమంతటా డేటా బంద్, మార్చి మధ్యలో మొబైల్ ఇంటర్నెట్ నిరవధికంగా నిలిపివేత. తనకు అందిన ఆదేశాలను మొదట టెలినార్ తన వెబ్‌సైట్‌లో బయటపెట్టేది. ఫిబ్రవరి 14న ఇక అది సాధ్యం కాదని ప్రకటించింది. మే నెలలో 650 కోట్ల నార్వే క్రోనర్ల విలువను నష్టంగా రాసుకుంది. జులైలో మొత్తం వ్యాపారాన్ని లెబనాన్‌కు చెందిన ఎం1 గ్రూపుకు 10.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు చెప్పింది. 2022 మార్చిలో అమ్మకం పూర్తయ్యేసరికి షే బ్యైన్ ఫ్యూ అనే స్థానిక సంస్థ అందులో ప్రధాన భాగస్వామిగా తేలింది.

తిరుగుబాటు ఫలానా తేదీన జరుగుతుందని ఎవరూ చెప్పలేకపోవచ్చు. కానీ ముందరి సంకేతాలు చూడండి. 2008 రాజ్యాంగం పార్లమెంటులో 25 శాతం సీట్లను, రక్షణ, హోం, సరిహద్దు శాఖలను సైన్యం చేతిలో ఉంచింది. 2019 జూన్‌లో రఖైన్, చిన్ ప్రాంతాల్లోని తొమ్మిది టౌన్‌షిప్‌లలో మొబైల్ ఇంటర్నెట్ ఆపమని ఆదేశం వచ్చింది. అది పౌర ప్రభుత్వం ఉండగానే! 2020 నవంబరు ఎన్నికల్లో ఓడిన సైనిక అనుకూల పక్షం అక్రమాలు జరిగాయని పట్టుబట్టింది. 2021 జనవరి చివరి వారంలో తిరుగుబాటు జరగదన్న హామీ ఇవ్వడానికి సైనిక ప్రతినిధి నిరాకరించాడు. మర్నాడు సైన్యాధిపతి రాజ్యాంగాన్ని రద్దు చేయవచ్చన్న మాట ఎత్తాడు. కొత్త పార్లమెంటు కొలువుదీరాల్సిన తేదీ ఫిబ్రవరి 1.

నేనైతే 2020 మొదట్లో "రెండేళ్లలో సైనిక పాలన" అన్నదానికి 10 శాతం లోపే వేసి ఉండేవాడిని. 2021 జనవరి 27 సాయంత్రానికి దాన్ని 40కి పెంచక తప్పదు. ఆ నాలుగైదు రోజుల వ్యవధిలో ఏం చేయవచ్చన్నది అసలు ప్రశ్న. వినియోగదారుల డేటాలో చట్టం అడగనిది ఏదైనా దాచి ఉంచితే తుడిచేయవచ్చు. విదేశీ ఉద్యోగుల, స్థానిక ఉద్యోగుల భద్రతా ప్రణాళికను బయటకు తీయవచ్చు. ఆదేశాలు వస్తే ఎవరు సంతకం పెట్టాలో, ఎవరు పెట్టకూడదో తేల్చుకోవచ్చు. వ్యాపారం అమ్మకపు విలువను కాపాడుకునే సమయం అప్పటికే దాటిపోయింది. వినియోగదారుల కోసం చేయాల్సిన పనికి మాత్రం ఇంకా వ్యవధి ఉంది.

టెలినార్ వెళ్లిపోవడానికి చెప్పిన కారణాల్లో నిఘా పరికరాలను వాడుకలోకి తేవాలన్న ఒత్తిడి ఒకటి. అయితే వెళ్లిపోవడంతో సమస్య తీరలేదు. కాల్ రికార్డులు కొత్త యజమాని చేతికి వెళ్తాయని మయన్మార్ ఉద్యమకారులు భయపడ్డారు. 474 పౌర సంఘాల తరఫున నార్వేలో ఫిర్యాదు దాఖలైంది. నిష్క్రమణ కూడా ఒక ముప్పే అని, ఆ ముప్పు కంపెనీకి కాక జనానికి చుట్టుకుంటుందని ఈ ఉదంతం చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు. లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టే రోజే "మేం వెళ్లిపోవాల్సి వస్తే డేటా ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు జవాబు రాసి ఉండాలి.

నైజీరియాలో దక్షిణాఫ్రికా మొబైల్ కంపెనీ ఎంటీఎన్‌కు పడిన జరిమానా నియంత్రణ సమస్యా, భద్రతా సమస్యా?

రెండూ. ఆ రెండింటినీ వేర్వేరు విభాగాలు చూడటమే చాలా కంపెనీల్లో లోపం. న్యాయ విభాగం సిమ్ నమోదు నిబంధనలను చూస్తుంది, భద్రతా విభాగం తీవ్రవాదాన్ని చూస్తుంది, ఇద్దరూ కలిసి కూర్చోరు.

ఈశాన్య నైజీరియాలో బోకో హరామ్ అనే తీవ్రవాద సంస్థ 2012 సెప్టెంబరులో పలు నగరాల్లో టెలికాం టవర్లపై దాడులు చేసింది. 2013 మేలో అత్యవసర పరిస్థితి ప్రకటించాక సైన్యం అక్కడి మూడు రాష్ట్రాల్లో మొబైల్ సేవలను ఆపించింది. నమోదు కాని సిమ్‌లు తీవ్రవాదులకు ఊతమన్న అభిప్రాయం ప్రభుత్వంలో అప్పుడే బలపడింది. 2015 మేలో మాజీ సైనికాధికారి ముహమ్మదు బుహారీ భద్రత, అవినీతి నిర్మూలన నినాదాలతో అధ్యక్షుడయ్యాడు. అదే సమయంలో చమురు ధర పడిపోయి ఖజానా ఒట్టిపోతోంది. ఆ అక్టోబరులో నియంత్రణ సంస్థ ఎంటీఎన్‌పై 1.04 లక్షల కోట్ల నైరాల జరిమానా వేసింది. అప్పటి లెక్కన 520 కోట్ల డాలర్లు. గడువులోగా ఆపని 50 లక్షలకు పైగా సిమ్‌లకు ఒక్కోదానికి 2 లక్షల నైరాలు. నెల తిరగకముందే గ్రూపు ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదులుకున్నారు. 2016 జూన్‌లో 33 వేల కోట్ల నైరాలకు రాజీ కుదిరింది.

ఒక్కో సిమ్‌కు ఇంత అన్న నిబంధన పుస్తకంలో ముందే ఉంది. దాన్ని పూర్తిగా ప్రయోగిస్తారా అన్నదే తెలియని అంశం. భద్రతా అవసరం, కొత్త ప్రభుత్వపు పట్టుదల, డబ్బు కరవు ఈ మూడూ ఒకే ఏడాదిలో కలిసినప్పుడు, ఎన్నడూ వాడని నిబంధన బయటికి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. నేను ఏ దేశాన్ని చూసినా ఈ మూడింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుంటాను.

ఇంటర్నెట్ నిలిపివేతలను ముందే ఊహించవచ్చా?

మిగతా ముప్పుల కంటే ఇవి ఎక్కువగా అంచనాకు లొంగుతాయి, ఎందుకంటే చాలావరకు క్యాలెండర్‌ను అనుసరిస్తాయి. ఇరాక్‌లో పరీక్షల సీజన్ వస్తే కాపీలు అరికట్టే పేరుతో పొద్దున కొన్ని గంటలు నెట్ ఆపడం ఏటా జరిగే తంతు. ఉగాండాలో 2016 ఎన్నికల్లో సామాజిక మాధ్యమాలను ఆపారు. 2021 జనవరిలో పోలింగ్ ముందు రాత్రి ఇంటర్నెట్టే ఆగిపోయింది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే యాక్సెస్ నౌ సంస్థ లెక్కలో 2024లో 54 దేశాల్లో 296 నిలిపివేతలు నమోదయ్యాయి. వాటిలో 84 మన దేశంలోనివి.

క్యాలెండర్‌లో లేనివాటికి మెట్లు ఉంటాయి. కోనసీమను తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. మే 18న దానికి అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడింది, అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఇచ్చారు. కలెక్టరేట్ ముట్టడికి పిలుపులు మొదలయ్యాయి. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారి మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. వెంటనే మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది, రోజుల తరబడి రాలేదు. ఇంటి నుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ పక్క ప్రాంతాలకు వెళ్లాల్సి వచ్చింది. పేరుకు సంబంధించిన వివాదం, కులాల మధ్య ఉద్రిక్తత, ముందే ప్రకటించిన తేదీ, జిల్లా కేంద్రానికి జన సమీకరణ. ఈ నాలుగూ కలిసినప్పుడు మన దేశంలో నెట్ ఆపడం పాలనా యంత్రాంగానికి అలవాటైన తొలి స్పందన. మే 22న ఎవరైనా నన్ను అడిగి ఉంటే సగానికి సగం అవకాశం ఉందని చెప్పేవాడిని.

అఫ్గానిస్థాన్‌లో 2025 సెప్టెంబరులో మెట్లు ఇంకా స్పష్టంగా కనిపించాయి. నెల మధ్యలో బల్ఖ్ తదితర రాష్ట్రాల్లో ఫైబర్ ఇంటర్నెట్‌పై నిషేధం పెట్టారు. రెండు వారాలకు, సెప్టెంబరు 29న, దేశమంతా ఇంటర్నెట్ ఆగిపోయింది. సేవలు తిరిగి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఒక రాష్ట్రంలో మొదలైన ఆంక్షను "అక్కడి గవర్నర్ నిర్ణయం" అని కొట్టిపారేయకూడదు.

ఒక హెచ్చరిక. నిలిపివేత జరుగుతుందా అన్నది ఒక అంచనా, ఎంతకాలం సాగుతుందన్నది వేరే అంచనా. చాలావరకు కొద్ది రోజుల్లో ముగుస్తాయి, కానీ కొన్ని మాత్రం ఎంతకీ తెగవు. జమ్మూకశ్మీర్‌లో 2019 ఆగస్టు 5న తెగిన 4జీ అంతటా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. సగటు చూసి ప్రణాళిక వేసుకున్న వ్యాపారి ఆ ఏడాదిన్నరలో దివాలా తీస్తాడు.

మన దేశంలో కంపెనీలకు ముప్పు ప్రధానంగా ఏ వైపు నుంచి?

కోర్టుల నుంచి, పన్నుల నుంచి, పరికరాల నిబంధనల నుంచి. 2012 ఫిబ్రవరి 2న 2జీ స్పెక్ట్రమ్ కేసులో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను ఒక్క తీర్పుతో రద్దు చేసింది. యూనిటెక్‌తో కలిసి వచ్చిన అదే టెలినార్, అబుదాబీకి చెందిన ఎటిసలాట్, రష్యాకు చెందిన సిస్టెమా అందులో చిక్కుకున్నాయి. అప్పటికి 14 నెలల ముందే, 2010 నవంబరులో, కాగ్ నివేదిక వచ్చి మంత్రి రాజీనామా చేశారు. రద్దు జరగవచ్చన్న మాట వీధిలో వినపడుతూనే ఉంది. అయినా "ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సును ఎవరు తీసేస్తారు?" అన్న ధీమా బోర్డు గదుల్లో కొనసాగింది.

సవరించిన స్థూల ఆదాయం గొడవ, అంటే ప్రభుత్వానికి వాటా ఇవ్వాల్సిన ఆదాయంలో ఏవేవి కలపాలన్న వివాదం, అంతకంటే నెమ్మదిగా రగిలింది. 1999లో ఆదాయ వాటా విధానం వచ్చిన కొన్నేళ్లకే మొదలైన వివాదం 2019 అక్టోబరు 24న తేలింది. కంపెనీల మీద 92 వేల కోట్ల రూపాయలకు పైగా భారం పడింది. దాని పర్యవసానంగానే వొడాఫోన్ ఐడియాలో కేంద్ర ప్రభుత్వం 2023లో మూడో వంతు, 2025లో 49 శాతం వాటాదారు అయింది. కోర్టులో ఇరవై ఏళ్లుగా నలుగుతున్న కేసు ఉంటే, దానికీ ఏడాదికోసారి శాతం వేసి, ఓడితే చెల్లించాల్సిన మొత్తంతో గుణించి చూడాలి. దీర్ఘకాలం నలిగిన కేసును మనసు మెల్లగా మరిచిపోతుంది.

పరికరాల సంగతి క్లుప్తంగా: 2020 జూన్‌లో చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగింది, ఏడాదికల్లా 2021 జూన్ 15 నుంచి నమ్మకమైన వనరుల నుంచే పరికరాలు కొనాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. బ్రిటన్ కూడా 2020లోనే చైనా కంపెనీ హువావే 5జీ పరికరాలను 2027 కల్లా తీసేయాలని ఆదేశించింది. పరికరం కొనేటప్పుడు దాని తయారీదారు దేశంతో పదేళ్ల తర్వాత సంబంధాలు ఎలా ఉంటాయన్నది ధరలో ఒక భాగం.

క్షేత్రస్థాయి సంకేతాలు ఎక్కడ దొరుకుతాయి?

డీజిల్ పోసేవాడి దగ్గర. ఈ మాట నేను అనుభవంతో అంటున్నాను.

నేను ఈ పనిలోకి రాకముందు టవర్ల నిర్వహణలో ఉన్నాను. కొండ మీద ఒక సైటు. కరెంటు సరిగా ఉండేది కాదు, జనరేటరే దిక్కు. వారానికి రెండుసార్లు ఒకతను మోటార్‌సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని, చివరి రెండు కిలోమీటర్లు భుజాన మోసుకుని వెళ్లి డీజిల్ పోసేవాడు. ఎప్పుడూ సాయంత్రం వేళ వెళ్లేవాడు. ఒకరోజు ఫోన్ చేసి, "సార్, ఈ వారం నుంచి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం లోపు దిగిపోతాను" అన్నాడు. సరేనన్నాను. రిజిస్టరులో సమయం మార్పు అని రాసుకున్నాం. పది రోజులకు రాత్రి పూట ఎవరో జనరేటర్ గదికి నిప్పు పెట్టారు. మర్నాడు నేను వెళ్లేసరికి కేబుళ్ల రబ్బరు ఇంకా పొగలు కక్కుతోంది. అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఎందుకు వేళ మార్చుకున్నావని మీరు అడగలేదు సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పటి నుంచి మా బృందం ప్రతి వారం అడిగే ప్రశ్నలు మూడు. వేళ మారిందా? దారి మారిందా? సంత మామూలుగా జరిగిందా?

ఇక్కడ ఒక గీత ఉంది. దాన్ని ఎవరూ దాటకూడదని ప్రాధేయపడుతున్నాను. మావోయిస్టుల ప్రభావం ఉన్న ప్రాంతాల్లో ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణం పోతుంది. అలా చంపిన ఉదంతాలు ఆంధ్రా–ఒడిశా సరిహద్దులోని మన్యంలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ అనేకం. కాబట్టి టెక్నీషియన్‌ను అతని సొంత పని గురించి మాత్రమే అడగండి. మనుషుల పేర్లు అడగకండి. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని అడగకండి. ఫొటోలు పంపమనకండి. అతను చెప్పినదాన్ని అతని పేరుతో ఏ నివేదికలోనూ రాయకండి. అంచనా కొంచెం మసకబారినా ఫరవాలేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్రం ఇలాంటి ప్రాంతాల్లోని 2,343 సైట్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి ఆమోదించింది. అంటే అంతమంది కాపలాదారులు, డీజిల్ పోసేవారు, లైన్‌మెన్ల రాకపోకలు కూడా.

శాతాలు ఎలా వేస్తారు? అది ఊహాగానం కాదా?

మొదట గతాన్ని లెక్కపెట్టండి. ఉదాహరణకు, ఒక ప్రాంతంలో పదేళ్లలో ఆరుసార్లు పెద్ద ఘర్షణలు జరిగితే నాలుగుసార్లు నెట్ ఆపారనుకుందాం. ఇప్పుడు ఏడో ఘర్షణ జరిగితే మీ ప్రారంభ అంకె 65 శాతం దరిదాపుల్లో ఉండాలి. తర్వాతే ఈసారి పరిస్థితిలో తేడా ఏమిటో చూసి కొంచెం పైకో, కిందికో జరపాలి. చాలామంది తిరగేసి చేస్తారు. నిన్నటి టీవీ చర్చతో మొదలుపెట్టి గతాన్ని అసలు చూడరు.

ఇద్దరు ముగ్గురు ఒకరి అంకె మరొకరికి తెలియకుండా విడివిడిగా రాయాలి, ఆపై కలిసి చర్చించాలి. పెద్ద అధికారి ముందు చెబితే మిగతావారి అంకెలన్నీ ఆయన అంకె చుట్టూ మూగుతాయి.

అంచనా సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రియర్ 1950లో ఇచ్చిన కొలత ఉంది. చాలా తేలిక. 70 శాతం అన్నారు, అది జరిగింది. తేడా 0.3, దాని వర్గం 0.09. జరగకపోతే తేడా 0.7, వర్గం 0.49. ఇలా ఏడాది పొడవునా వేసిన అంచనాలన్నిటి సగటు తీయండి. ప్రతిదానికీ 50 శాతం అని రాసేవారికి సగటు 0.25 వస్తుంది. మీ సగటు అంతకంటే తక్కువ రాకపోతే మీ అంచనాల్లో సమాచారం లేదని అర్థం. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ నేతృత్వంలో 2011 నుంచి అమెరికాలో సాగిన అంచనాల పోటీలో ఈ కొలతనే వాడారు. కొత్త సమాచారం రాగానే అంకెను కొంచెం కొంచెంగా సవరించుకునే మామూలు మనుషులు అందులో ముందున్నారు.

ఒక్క అంచనా తప్పిందని ఎవరినీ నిందించకండి. 20 శాతం అన్నది ఐదింటిలో ఒకసారి జరగాలి. అలా జరగకపోతేనే అంకె తప్పు.

సైబర్ దాడులు కూడా ఈ పరిధిలోకి వస్తాయా?

యుద్ధం ఉన్నచోట తప్పకుండా వస్తాయి. 2023 డిసెంబరు 12న ఉక్రెయిన్‌లో అతిపెద్ద మొబైల్ సంస్థ కీవ్‌స్టార్ కుప్పకూలింది. సుమారు 2.4 కోట్ల మంది వినియోగదారులకు సేవలు తెగిపోయాయి. కొన్నిచోట్ల వైమానిక దాడుల హెచ్చరికలు కూడా పనిచేయలేదు. ఒక్క క్షిపణి కూడా పడలేదు, వేలాది సర్వర్లు, కంప్యూటర్లు లోపలి నుంచి తుడిచిపెట్టుకుపోయాయి. చొరబాటుదారులు కనీసం ఆ మే నెల నుంచే నెట్‌వర్క్‌లో ఉన్నారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ తర్వాత చెప్పింది. ఏడు నెలలు! యుద్ధంలో ఉన్న దేశంలో ప్రధాన టెలికాం సంస్థపై దాడి జరుగుతుందా అన్నది అంచనా వేయాల్సిన ప్రశ్నే కాదు. ఎన్ని గంటల్లో కోలుకోగలం, వినియోగదారులు పోటీ సంస్థల నెట్‌వర్క్‌లోకి మారేందుకు ఒప్పందం ఉందా, ఇవి ప్రశ్నలు. ఉక్రెయిన్ సంస్థల మధ్య దేశీయ రోమింగ్ ఒప్పందం 2022లోనే కుదిరింది. అయితే కోర్ నెట్‌వర్కే (మొత్తం సేవలను నడిపే కేంద్ర వ్యవస్థ) పడిపోతే రోమింగ్ కూడా ఆదుకోలేదని ఆ రోజు తేలింది.

సముద్రగర్భ కేబుళ్ల మాటేమిటి?

2024 ఫిబ్రవరిలో యెమెన్‌లోని హౌతీ సాయుధ దళాల క్షిపణి తగిలిన రుబీమార్ నౌకను సిబ్బంది వదిలి వెళ్లారు. అది లంగరు ఈడ్చుకుంటూ ఎర్రసముద్రంలో కొట్టుకుపోయింది. అదే కొన్ని కేబుళ్లను తెంచిందని అమెరికా అధికారులు భావించారు. కేబుల్ తెగడం తరచూ జరిగేదే, మరమ్మతు ఓడ వచ్చి అతుకుతుంది. కానీ యెమెన్ జలాల్లోకి రావడానికి అనుమతి ఎవరు ఇవ్వాలి? ఆ దేశంలో రెండు పాలక వర్గాలు ఉన్నాయి. మరమ్మతుకు నెలలు పట్టింది. కాబట్టి తెగే అవకాశంతో పాటు అతికే వ్యవధిని కూడా విడిగా అంచనా వేయండి.

కరెన్సీ పతనం రాజకీయ ముప్పేనా?

అవును. 2010లో ఎయిర్‌టెల్ 1,070 కోట్ల డాలర్లకు కువైట్‌కు చెందిన జైన్ సంస్థ ఆఫ్రికా వ్యాపారాన్ని నైజీరియా సహా 15 దేశాల్లో కొన్నది. 2023 జూన్‌లో నైజీరియా కొత్త ప్రభుత్వం నైరాను మార్కెట్‌కు వదిలేసింది. ఏడాది తిరగకముందే నైరాల్లో డాలర్ ధర రెట్టింపు దాటింది. ఎయిర్‌టెల్ ఆఫ్రికా అంతకుముందు ఏడాది 75 కోట్ల డాలర్ల లాభం చూపింది, 2024 మార్చితో ముగిసిన ఏడాదికి 8.9 కోట్ల నష్టం చూపింది. ఎన్నికల్లో గెలిచినవారు మారకపు విధానం మారుస్తామని ముందే చెప్పారు.

బీమా తీసుకుంటే సరిపోదా?

కొంత సాయపడుతుంది. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని పెట్టుబడుల హామీ సంస్థ మిగా 1988 నుంచి ఇలాంటి హామీలు ఇస్తోంది: యుద్ధం, అల్లర్లు, ఆస్తుల స్వాధీనం, డబ్బు దేశం దాటించలేకపోవడం, ప్రభుత్వం ఒప్పందం తప్పడం. మన దేశంలో ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీ, విదేశాల్లో పెట్టే పెట్టుబడులకు బీమా ఇస్తుంది. కానీ నియంత్రణ సంస్థ చట్టబద్ధంగా వేసిన జరిమానా సాధారణంగా వీటి కిందకు రాదు. కరెన్సీ విలువ పడిపోవడం కూడా రాదు. అన్నిటికీ మించి, ఇప్పటికే గొడవలు మొదలైన చోట పాలసీ దొరకదు, దొరికినా ప్రీమియం భరించలేం. అంచనా వేసేది అందుకే, చవకగా దొరికే రోజుల్లోనే కొనడానికి.

నెట్ ఆపమని ఆదేశం వస్తే కంపెనీ ఏం చేయాలి?

మన దేశంలో 2024 నవంబరు నుంచి కొత్త నిలిపివేత నిబంధనలు ఉన్నాయి. ఆదేశం సాధారణంగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి నుంచి రాతపూర్వకంగా రావాలి. కారణం, ప్రాంతం, వ్యవధి అందులో ఉండాలి. 15 రోజులు మించకూడదు. సమీక్ష కమిటీ ఐదు రోజుల్లో చూడాలి. ఆదేశాలను ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న కశ్మీర్‌లో నెట్ నిలిపివేతపై వచ్చిన అనురాధా భసీన్ కేసులో చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి ఫోన్‌లో ఎవరో చెప్పారని స్విచ్ ఆపకండి. రాతపూర్వక ఆదేశం అడగండి, అందిన నిమిషం రాసుకోండి, అందులో ఉన్న ప్రాంతం వరకే ఆపండి. మూడు మండలాలు అంటే జిల్లా మొత్తం ఆపడం తేలికే, కానీ ఆ తేలికదనం కోసం మిగతా మండలాల్లో అంబులెన్సు పిలుపులు, కూలి డబ్బుల చెల్లింపులు ఆగిపోతాయి. సెల్ సైట్ల జాబితాను మండలాల వారీగా ముందే తయారుచేసి పెట్టుకుంటే ఆ పొరపాటు జరగదు.

2011 జనవరిలో ఈజిప్టులో వొడాఫోన్ నెట్‌వర్క్ ఆపడమే కాక, ప్రభుత్వం రాసిచ్చిన సందేశాలను వినియోగదారులకు పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ కంపెనీ బహిరంగంగా నిరసన తెలిపింది. మీ లైసెన్సులో అత్యవసర సందేశాల నిబంధన ఉందో లేదో ఈ వారమే చదవండి.

చిన్న ఇంటర్నెట్ సర్వీసు నడుపుకునేవారికి ఇదంతా సాధ్యమా?

ఒక నోటు పుస్తకం చాలు. ఎన్నికలు, పరీక్షలు, ఊరేగింపులు, కోర్టు తీర్పుల తేదీలు ఒక పేజీలో. మీ ఊళ్లో గతంలో నెట్ ఆగిన తేదీలు, ఎన్ని గంటలు ఆగిందో, ఎందుకో ఇంకో పేజీలో. నెలకు ఐదు అంచనాలు, శాతాలతో. ఆరు నెలలకు మీ ప్రాంతం గురించి మీకు తెలిసినంత ఏ పెద్ద కన్సల్టెంటుకూ తెలియదు.

సిబ్బందిని సైటు నుంచి ఎప్పుడు వెనక్కి రప్పించాలి? ఆ నిర్ణయం ఎవరిది?

హద్దును ముందే రాసి పెట్టాలి. మా దగ్గర ఉన్నది ఇది: ఒక వారంలో టవర్‌పై దాడికి 10 శాతం దాటిందంటే రాత్రి డ్యూటీలు ఉండవు. 25 దాటితే ఎవరూ ఎక్కరు, బ్యాటరీ అయిపోయి టవర్ ఆగిపోయినా సరే. అంచనాకు అందని సంకేతం టెక్నీషియన్‌కు కనిపిస్తే, కారణం చెప్పకుండానే దిగివచ్చే హక్కు అతనిది. జీతం కోయకూడదు. వెనక్కి రప్పించే అధికారం ఆ ప్రాంత సూపర్‌వైజరు చేతిలో ఉండాలి. అనుమతి కోసం హెడ్డాఫీసుకు ఫోన్ చేయాలన్న నిబంధన పెట్టకండి, ఎందుకంటే ఆ రోజు ఫోన్లు పనిచేయకపోవచ్చు.